మధ్య కుర్చీ

నా చిన్నప్పుడు టేకులపల్లిలో మా వీధి మొత్తానికి ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆరో తరగతిలో చేరి అప్పటికి నాలుగు నెలలు. పిల్లి, కుక్క, ఆవు దాటి ముందుకు పోలేదు కానీ, ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పక్కింటి అక్కకూ, ఆమె పెనిమిటి లారీ డ్రైవరు బావకూ కూడా నేనే దుబాసీని. ఇద్దరిదీ తెలుగే. కాకపోతే మూడు నెలలుగా వాళ్ళకు మాటల్లేవు. బావ అడవిలో వెదురు కొట్టే కూపు నుంచి లోడు ఎత్తుకొని రైల్వే స్టేషనుకు తోలేవాడు. ముందు చేరిన లారీని ముందు దించుతారు. వెనకబడ్డవాడు పొద్దుగూకేదాకా వరుసలో కూర్చోవాలి. అందుకని డ్రైవర్ల మధ్య పందెం నడిచేది. ఒకసారి పెనుబల్లిలోని పుట్టింటి నుంచి అక్కను క్యాబిన్‌లో కూర్చోబెట్టుకొని వస్తూ కూడా బావ ఎవరి లారీనో దాటేశాడు. ఆ కుదుపుకు నుదురు అద్దానికి కొట్టుకొని అక్కకు మూడు కుట్లు పడ్డాయి. దవాఖానాలో ఆమె కళ్ళు తెరవగానే ఆయన చెప్పిన మొదటి మాట, "మనమే గెలిచినం." ఆ రోజు నుంచి ఆమె మాట్లాడలేదు. ఆయనా పంతానికి పోయాడు. ముందు నోరు తెరిచినవాళ్ళు ఓడినట్టు. అదీ పందెమే.

అన్నానికి రమ్మనడం దగ్గర్నుంచి చొక్కా ఎక్కడుందో కనుక్కోవడం దాకా అన్నీ నా నోటి మీదుగానే పోయేవి, ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా సరే. ఈ ఉద్యోగంలో నేనొక చిన్న సవరణ చేసుకున్నాను. "ఇంకొక్కసారి పందెం పెడితే పెనుబల్లి పోత, మళ్ళ రానని చెప్పు" అని అక్క అంటే, నేను పోయి, జాగ్రత్త చెప్పి పంపినట్టు, "పైలంగ రమ్మంది బావా" అనేదాన్ని. "గట్లన్నదా?" అని బావ మీసాల్లో నవ్వుకునేవాడు. నా వల్ల ఒక కాపురం నిలబడుతోందని నా నమ్మకం.

కొత్తగూడెం టాకీసులో ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్ళు. కార్ల పందేల సినిమా ఒకటి వచ్చింది. బావ ఒక ఆదివారం చూసి వచ్చి, వారం రోజులు నేల మీద నడవలేదు. తను చేసేది పిచ్చిపని కాదనీ, దొరలు కూడా అదే చేస్తారనీ, దానికి జనం చప్పట్లు కొడతారనీ అక్కకు చూపించాలనుకున్నాడు. "మీ అక్కను తయారుగమ్మను. నువ్వు గూడ రా, మాటలు చెప్తువు" అన్నాడు. అలా నేను మధ్య కుర్చీలో కూర్చున్నాను.

కార్లు తిరిగిన చోటే తిరిగాయి. వెదురు లేదు, స్టేషను లేదు, అంత తొందరగా ఎక్కడికి పోతున్నారో నాకు అంతుపట్టలేదు. కాసేపటికి పందెపు దొర, అతని భార్య ఒక షెడ్డులో ఎదురెదురుగా నిలబడ్డారు. ఆమె చాలాసేపు మాట్లాడింది. గొంతు పెంచలేదు. చివరికి వేలి ఉంగరం తీసి కారు ముందు రేకు మీద పెట్టింది.

"ఏమంటున్నదే?" అన్నాడు బావ.

"జల్దీ రా, కోడికూర వండుత అంటున్నది."

"ఉంగరమెందుకు తీసింది?" అని అక్క తెర మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"మసాలా నూరొద్దా మరి?"

వెనక వరుసలోంచి ఎవరో "జెర గట్టిగ చెప్పు బిడ్డా, మాగ్గూడ ఇనబడాలె" అన్నారు. నాకు కీర్తి కూడా వచ్చింది. "చూడు, దొరసాని మొగుణ్ణి ఎంత మంచిగ సాగనంపుతున్నదో" అని బావ గాలితో అన్నాడు.

విశ్రాంతిలో అక్క నన్ను సోడాబండి దగ్గరికి తీసుకుపోయింది. గోళీసోడా కొట్టించి నా చేతిలో పెట్టి, "మొన్న నేను చెప్పమన్నది మీ బావకు ఏమని చెప్పినవ్?" అంది.

"పైలంగ రమ్మన్నవని."

"అంతకుముందు?"

"అప్పుడు గూడ గదే."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నుదుటి మచ్చను వేలితో రుద్దుకుంది. తరవాత నా ముందు గొంతుక్కూర్చొని, "మాట మోసేటోళ్ళు దాంట్ల చక్కెర కలపొద్దు. మందు చేదని చక్కెరనీళ్ళు తాపితే మనిషి బతుకుతడా? ఇయ్యాల నా మాట ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

"నువ్వే చెప్పరాదక్కా?"

ఆమె లేచి చీర దులుపుకుంది. "నడువు, బెల్లు కొట్టిన్రు."

చెప్పాలనే కూర్చున్నాను. బావ పల్లీల పొట్లంలో సగం నా ఒళ్ళో పోశాడు. తెర మీద దొర గెలిచాడు. జనం భుజాల మీదికి ఎత్తుకున్నారు. అతను మెడ సాచి భార్య కోసం చూశాడు. పందెం చూసేవాళ్ళ వరుసలో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. చాలాసేపు తెర నిండా ఆ కుర్చీనే చూపించారు.

"ఆమె ఏదే?" అన్నాడు బావ. ఆ గొంతులో బెదురు వినడం నాకదే మొదలు. వారం కింద చూసినప్పుడు కుర్చీ మీదికి ఆయన చూపు పోలేదనుకుంటాను.

అదే చెప్పాల్సిన చోటు. నేను పల్లీలు నములుతూ "సోడా తాగనీకి పోయింది, వస్తది" అన్నాను.

బావ హాయిగా వెనక్కి వాలాడు. అటు పక్క నా కుర్చీ చేతి మీద అక్క వేళ్ళు బిగుసుకున్నాయి. ఆమె నోటికీ ఆయన చెవికీ మధ్య అడ్డం నేనొక్కదాన్నే. నేనేమంత లావుగా కూడా లేను.

రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు, నేను బడికి తయారు కాకముందే, బావ కూపుకు పోయాడు. మధ్యాహ్నం వాగు మలుపులో ఇంకో లారీని దాటబోయి, వెదురుతో సహా కిందికి పోయాడు. లారీని లేపడానికి ఒక పూట పట్టింది. తొందరపడాల్సిన పనేమీ లేదని చూసినవాళ్ళు అన్నారు. ఆ రోజు స్టేషనులో వరుసే లేదట.

దినాలు అయ్యాక అక్క అన్నంత పనీ చేసింది. పెనుబల్లి పోయింది, మళ్ళీ రాలేదు. బస్సు కోసం ట్రంకుపెట్టె మీద కూర్చొని ఉన్నప్పుడు దగ్గరికి పోయి, "అక్కా, తెల్లారి గూడ నేను చెప్పలే" అన్నాను. ఆమె నన్ను వెనక్కి తిప్పి, ఊడిపోయిన జడ విప్పి మళ్ళీ అల్లింది. రిబ్బను ముడి వేశాక, "చెప్పినా ఆగేటోడు కాదులే పిచ్చిదానా" అంది. బస్సు వచ్చింది.

తరవాత నేను కాలేజీలో చదువుకున్నాను. ఇంగ్లీషు పిల్లినీ కుక్కనూ దాటింది. ఎవరి మాటైనా మోయాల్సి వస్తే పొల్లు పోకుండా మోస్తాను; అందుకే పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు మావాళ్ళు నన్ను పిలవరు. కానీ ఆగేటోడు కాదని అక్క ఆ రోజు అన్న మాట ఉన్నదున్నట్టు అన్నదో, చక్కెర కలిపి అన్నదో ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోతున్నాను. కలిపి ఉంటే, అందులో నా కోసం ఎంతో, తన కోసం ఎంతో అదీ తెలియదు. జడ మాత్రం చాలా గట్టిగా అల్లింది. తల దువ్వుకుంటున్నప్పుడు ఇప్పటికీ మాడు దగ్గర ఆ బిగువు తగులుతుంది.