గవాచి లేని కొత్త ఇల్లు

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మా స్లాబు ఇంట్లో ఉడుకు తట్టుకోలేక అక్క కూతురు, నెలల పిల్ల, ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి ఊరుకుంది. ఒళ్లు కాలిపోతోంది. అది నిద్ర కాదని తెలిసిపోయింది.

"పిల్లను మిద్దెలోకి తీసుకుపోతా, నువ్వు తడిగుడ్డ తీసుకురారా," అంటూ అక్క పెరట్లోని పాత మట్టిమిద్దెకు పరుగెత్తింది. రేపు జేసీబీతో పడగొట్టించబోతున్న మిద్దె అది.

తలుపు తీయగానే చవుటిమట్టి వాసన. గుర్తుందా మీకు, వానలకు ముందు ఇల్లు కారకుండా కప్పుమీద చవుడు పోసి తొక్కేవాళ్లం? కప్పులో వదిలిన కంత, అదే గవాచి, దాని గుండా వేడి పైకి పోయేది, వెలుగు బిళ్లలా నేలమీద పడేది. ఆ బిళ్లమీద కాళ్లు పెట్టుకుని పడుకునేవాళ్లం. చినుకు పడితే "గవాచి మూయండిరా" అని అవ్వ కేకేసేది. కొత్త ఇంటికీ అలాంటి గాలిదారి ఉంచమని నేను చదివింది చెప్పి పోట్లాడితే, "మళ్లీ మిద్దె బతుకేనా?" అని నాయన ఒప్పుకోలేదు.

అక్క తడిగుడ్డతో పాప ఒళ్లు తుడుస్తూనే ఉంది. చాలాసేపటికి పాప కెవ్వుమంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం.

గడపలో నాయన నిలబడి ఉన్నాడు.

"చవుడు కారతాదని గదరా పడగొట్టేది," అన్నాడు మెల్లగా.

"కారితే తడుస్తాం నాయనా. ఆ స్లాబు కింద చస్తాం."

ఆయన జేసీబీ వద్దని మాత్రం అనలేదు. రేపటి సంగతి తలచుకుంటే నాకింకా భయంగానే ఉంది. అందుకే పాప ఉయ్యాల తెచ్చి మిద్దె దూలానికి కట్టేశాను.