సేటు తినే కొత్తిమీర

మా ఆయన ఉపేందర్‌ను మిర్యాలగూడ చుట్టుపక్కల సగం మంది రైతులు సారూ అని పిలుస్తారు. ఇంట్లో అలా పిలవడానికి నాకు మాత్రం ఇంతవరకు ఒక్క కారణం దొరకలేదు. డిగ్రీ రెండో ఏడు తప్పి, తుంగతుర్తి నుంచి ఒక్క బ్యాగుతో బస్సు దిగి, పురుగుమందుల షాపులో గల్లా పక్కన కుర్చీ వేసుకున్న మనిషి. పద్నాలుగేళ్లుగా అదే షాపు. రైతులు జబ్బు చేసిన ఆకును కవర్లో పెట్టుకుని వస్తారు. ఈయన దాన్ని వెలుతురుకు పట్టి, తిప్పి చూసి, పురుగు పేరు, మందు పేరు, ట్యాంకుకు ఎన్ని మూతలు పోయాలో గడగడా చెప్పేస్తాడు. నాకు జ్వరమొస్తే మాత్రం "ఏమో, దవాఖానకు పో" అంటాడు.

ఇంతమంది పొలాలకు వైద్యం చేసే మనిషికి సొంతంగా గుంట భూమి లేదు. నాది సూర్యాపేట. పెళ్లయ్యాక కుట్టుమిషనుతో ఇక్కడికొచ్చాను. మాది కిరాయి ఇల్లు. వాకిట్లో తులసి కుండీ పెడితేనే ఓనరమ్మ మొహం మాడ్చుకుంటుంది.

మా లహరికి తొమ్మిదేళ్లు. కుక్కపిల్ల కావాలని ఏడాదిగా ప్రాణం తీస్తోంది. కుక్కంటే పాలు, మాంసం, ఖర్చని ఈయన వాయిదా వేస్తూ వచ్చాడు. ఒకరోజు కంపెనీ మీటింగని కోదాడ వెళ్లి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెతో తిరిగొచ్చాడు. అందులో తెల్ల కుందేలు. "ఏం ఖర్చుండదండీ, మీరు తినేదే దానికీ పెట్టండి" అన్నాడట అమ్మినాయన. ఆ మాటకే మా ఆయన పడిపోయాడు.

లహరి దానికి సేటు అని పేరు పెట్టింది. తెల్లగా, గుండ్రంగా, పొద్దంతా ఒకేచోట కూర్చుని నములుతూ ఉంటుంది. ఏదైనా నచ్చకపోతే వెనక కాలితో టపీమని నేల తంతుంది. మా వీధి చివర రైస్‌మిల్లు సేటుకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే వాళ్లావిడ నా దగ్గర జాకెట్లు కుట్టించుకోవడం మానేస్తుంది.

తిండి విషయంలో మా ఆయన తెలివి చూడాలి. మార్కెట్లో గోబి పువ్వు అమ్మేవాళ్లు పై ఆకులు విరిచి పక్కన కుప్ప పోస్తారు కదా, వాటిని రోజూ సాయంత్రం కవరు నిండా తెచ్చేవాడు. "ఊకె దొరికినయి సూడు" అని మురిసిపోయేవాడు. పది రోజులు సేటు ఆ ఆకులే తిన్నాడు. పదకొండో రోజు పొద్దున ఏదీ ముట్టలేదు. మూలకు ముడుచుకుని కూర్చున్నాడు. పొట్ట రాయిలా ఉంది. పెట్టెలో ఒక్క పెంటిక కూడా లేదు. లహరి బడికి పోనంది. అన్నం పెడితే "అది తిన్నంకనే తింట" అని పళ్లెం తోసేసింది. ఆ పిల్ల మొండితనం నాకు తెలుసు, అది నా దగ్గర్నుంచే వచ్చింది.

పశువుల దవాఖానలో మా ముందు రెండు బర్రెలు, ఒక మేక. మా వంతు వచ్చాక డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది.

"ఏం పెడ్తున్నరు?"

"గోబి ఆకు మేడం" అన్నాడు ఈయన.

"రోజు అదేనా? గ్యాస్ పట్టింది. అయినా గోబికి ఎన్ని మందులు కొడ్తరో తెల్వదా మీకు?"

ఈయన ఫ్యాను వైపు చూశాడు.

"తెల్వకపోవుడేంది మేడం" అన్నాను నేను. "అమ్మేదే ఈయన."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, గ్యాస్ చుక్కలు వేసి, ఇంట్లో వేయడానికి సీసా ఇచ్చింది. "ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ఆలుగడ్డ అస్సలు పెట్టొద్దు. గరిక దండిగ పెట్టాలె. కొత్తిమీర, పుదీన, మెంతి కొంచెం కొంచెం. క్యారెట్ తీపి, చిన్న ముక్క చాలు. ఇప్పుడైతే కొత్తిమీర అసుంటిది, వాసనున్నది పెట్టి చూడండి, నోరు తెరుస్తదేమో. మందు కొట్టనిది చూసి తేవాలె. రేపు పొద్దటికల్ల తినకపోతే కష్టం" అంది.

లహరి ఆ చివరి మాట విని నా కొంగు పట్టుకుంది.

దారిలో కాలువ గట్టు మీద గరిక పచ్చగా ఉంది. ఈయన బండి ఆపి వంగాడు. వంగినవాడు వంగినట్టే లేచాడు.

"గడ్డి మందు కొట్టిన్రు" అన్నాడు.

"నీకెట్ల తెల్సు?"

"మొన్న నేనే ఇచ్చిన."

చివరికి లహరి బడి గోడ పక్కన కాస్త గరిక దొరికింది. సేటు మూతి తిప్పుకున్నాడు. పిల్లను సేటు దగ్గరే ఉంచి, పక్కింటి కృష్ణమ్మను చూస్తుండమని చెప్పి మేమిద్దరం మార్కెట్‌కు పోయాం. అక్కడ మా ఆయన పరువు చూడాలి, నాయనో! పెళ్లికొడుకు వెంట నడిచినట్టుంది నాకు.

"ఉపేందర్ సారూ!" అని కేకేశాడు వంకాయల బిక్షం. "నువ్విచ్చిన మందు ఏం పన్జేసింది సారూ! ఒక్క పురుగుంటే నా చెవి కోసుకుంట, సూడు."

"ఎప్పుడు కొట్టినవ్?"

"మొన్న మాపటికి."

"పది రోజులాగి తెంపాలని చెప్పిన గదనే!"

"పది రోజులాగితే అది వంకాయ అయితదా సారూ? ఇత్తనానికి పనికొస్తది."

పాలకూర ఆమె నవ్వుతూ దండం పెట్టింది. మెంతికూర ఆయన చాయ్ తాగమన్నాడు. ఎవరు ఎంత ప్రేమగా పలకరిస్తే ఈయన అంత వేగంగా నడుస్తున్నాడు. ఏ కట్ట మీద ఏ మందు పడిందో ఆయనకు మనసులో కనిపిస్తూనే ఉంది పాపం. నాకు మాత్రం జాలి కలగలేదు. బాగా అయిందనుకున్నాను.

వరస చివర తండా నుంచి వచ్చే గౌరీబాయి గోనెసంచి మీద కొత్తిమీర పేర్చుకుని కూర్చుంది. ఈయన ఆమె ముందు గొంతుక్కూర్చుని, గుసగుసగా అడిగాడు. "ఇది కాదు గౌరీబాయి. ఇంటికి పెట్టుకున్నది ఉన్నదా?"

ఆమె ఒకసారి ఈయనను, ఒకసారి నన్ను చూసింది. వెనక సంచిలోంచి తడిగుడ్డ చుట్టిన చిన్న కట్ట తీసింది. సన్నటి కాడలు, అక్కడక్కడ పురుగు తిన్న ఆకులు. మార్కెట్లో పెడితే ఎవరూ ముట్టరు.

"మా బిడ్డ పుష్ప గీడనే ఉంటది, ఆమెకు ఇద్దామని తెచ్చిన. తీస్కపో సారూ" అని నావైపు తిరిగింది. "మందు సుక్క తగల్లే అక్కా. సారే చెప్పిండు గద. మందు అమ్మిన రోజే, 'ఇంటికని నాలుగు సాళ్లు ఇడిసిపెట్టున్రి, పిల్లలు తింటరు' అన్నడు. మా తండల అందరికి గట్లనే చెప్పిండు. దేవుడసుంటి మనిషి."

నేను ఆ దేవుడి వైపు చూశాను. దేవుడు కొత్తిమీర కాడలు లెక్కపెడుతున్నాడు. పెళ్లయిన నాటి నుంచి మా ఇంట్లో వండినదంతా ఈ గోనెసంచుల మీద కొన్నదే. ఏరేది కూడా ఈయనే. "పురుగు లేదు, మంచిగున్నది" అని నిగనిగలాడేవి చూసి మరీ ఏరి తెస్తాడు.

ఈయన జేబులో చెయ్యి పెట్టాడు. గౌరీబాయి ఒప్పుకోలేదు. "అమ్మేటిది కాదు సారూ. పిల్లకేనా?"

"కుందేలుకు" అన్నాడు మా ఆయన.

ఆమె కట్టను ఈయన చేతిలో పెట్టి, మిగతా కొత్తిమీర మీద నీళ్లు చల్లుకోసాగింది.

ఇంటి ముందు బండి దిగేదాకా ఓర్చుకున్నాను. "ఊరందరికి చెప్పినవ్, నాకెందుకు చెప్పలే?" అని వాకిట్లోనే పట్టుకున్నాను.

"మనకు సాళ్లు యాడున్నయే? భూమి లేనోళ్లకు చెప్తె ఏమైతది, భయం తప్ప? నేను గూడ మీతోని అదే తింటున్న గద!"

"కుందేలుకైతే అడగనీకె నోరొచ్చింది!"

ఆయన చెప్పులు విడిచి, కొత్తిమీర కట్టతో లోపలికి పోయాడు. లోపల లహరి అంతా వింది.

పిల్ల ఒక్క కాడ తీసి సేటు మూతి దగ్గర పెట్టింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ముక్కు కదిలింది. కాడ కొంచెం కొంచెంగా లోపలికి పోయింది. పొద్దుగూకేవేళకు పెట్టెలో మూడు పెంటికలు పడ్డాయి. లహరి కృష్ణమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చి మరీ చూపించింది. నేను కూడా వంగి చూసి దేవుడికి దండం పెట్టుకున్నాను, అబద్ధమెందుకు.

అప్పుడు గానీ పిల్ల అన్నానికి కూర్చోలేదు. పప్పు, ఇంట్లో ఉన్నదదే కాబట్టి గోబి కూర చేశాను. లహరి గోబి ముక్కను వేలితో పక్కకు నెట్టి, "డాడీ, సేటు ఆకు నా పప్పుల గూడ కొంచెం ఎయ్యవా?" అని అడిగింది.

మా ఆయన చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. లేచి చెయ్యి కడుక్కుని సేటు దగ్గరకు పోయాడు. మిగిలిన కాడల్లో సగం తీసుకుంటుంటే సేటు నేల తన్నాడు. వాటిని కడిగి, వేళ్లతో తుంచి, పిల్ల పప్పులో వేశాడు. ఇంకొంచెం నా పళ్లెంలో వేశాడు. తనకు మిగల్లేదు.

నాకు ఏడుపొచ్చింది. కోపమూ పోలేదు. గిన్నెలో ఉన్న గోబి కూరంతా ఆయన పళ్లెంలో వేసి, "పురుగు లేదు, మంచిగున్నది, తిను" అన్నాను.

ఒక్క ముక్క వదలకుండా తిన్నాడు.