రెండో భాగం శివన్న

శివన్న అంటే మా ఊళ్లో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ‘రెండో భాగం’ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ పేరు పెట్టినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. వాళ్ల ఇళ్లలో నేనూ అన్నం తిన్నాను. అందుకే ఈ సంగతి రాయాలంటే మనసు బరువెక్కుతుంది.

బేతంచెర్ల తట్టు నాపరాళ్ల గనుల్లో రాయి చీల్చే పని శివన్నది. ఉలి పెట్టి ఒక్క దెబ్బ తట్టి, రాయి ఏమంటుందో వినేవాడు. రెండో దెబ్బ ఆ తర్వాతే. మనుషులతోనూ అంతే, ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. నాగక్క మొదటి మొగుడు బసవన్న కలరాలో పోయాక, పెద్దలు కూర్చుని మారుమనువు కుదిర్చి ఆమెను శివన్నకిచ్చారు.

బసవన్న పీర్ల పండగలో కర్రసాము చేస్తుంటే చుట్టుపక్కల పల్లెలు కదిలి వచ్చేవి. ఆ కర్ర నాగక్క వెంట శివన్న ఇంటికి వచ్చింది. ఇంకొకరైతే పొయ్యిలో పెట్టేవాళ్లేమో. శివన్న దాన్ని వసారాలో రెండు తాళ్లకు వేలాడదీసి దండెం చేశాడు. “మంచి వెదురు, నీ కోకలు ఆరేసుకో” అన్నాడు. ఆ కర్ర మీద ఇద్దరి గుడ్డలూ పక్కపక్కన ఆరుతుంటే, శ్రీశైలం మల్లన్న ఈ ఇంటిని చల్లగా చూస్తున్నాడనిపించేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఊరి బయట డేరా సినిమా దిగింది. అంతకుముందు ఏడు ఆడిన కర్రసాము సినిమాకే రెండో భాగం తెచ్చారు. మొదటిది చూసి, బసవన్నే లేచి వచ్చినట్టుందని కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. ఈ రెండో దాంట్లో కథానాయిక పాత ఆమే, హీరో మాత్రం కొత్త మనిషి. అదే పాత్ర, వేషం కట్టినాయన మారాడంతే అని డేరావాళ్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. నాటకంలో రాముడి వేషం ముగ్గురు కట్టినా ఒప్పుకునే ఊరు, తెర మీద ముఖం మారితే ఒప్పుకోలేదు.

కొత్త హీరో కర్ర ఎత్తగానే మగవాళ్ల వైపు గోల మొదలయింది.

“ఈయప్ప ఎవరప్పా? మనాయప్ప యాడ?”

“కర్ర పట్టుకునేది చూడు, గొడుగు పట్టినట్ల!”

“మొదటాయప్ప ఊరికే నిలబడితే సాలు, దొంగలు కింద పడతాండ్రి. ఈయప్పకైతే పాపం దయతో పడతాండారు.”

ఇంతలో కథానాయిక వచ్చి కొత్తాయన భుజం మీద తల ఆనించింది. ఆడవాళ్ల వైపు ఒకామె చెంపలు వాయించుకుంది.

“అయ్యో, ఆయమ్మకు సిగ్గు ల్యా? పాతాయప్ప ఏమైనాడని ఒక్క మాటన్నా అడిగిందా?”

“ఆయప్పే ఈయప్ప అంటమ్మా. మొగమొకటే మారింది” అని జీవమ్మ సర్దిచెప్పబోయింది. జీవమ్మది నాగక్క పక్కిల్లు. చర్చికి పోయే మనిషి, ఒకరి మీద మాట పడితే ఓర్చుకోలేదు.

“మొగం మారినాక మొగుడు మారినట్లే గదా!” అంది చెంపలు వాయించుకున్నామె.

ఆ మాట అందుకున్నాడు బండి తోలే గోపన్న. నలుగురినీ నవ్వించనిదే ఉండలేడు. “శివన్నా! ఇది మీ ఇంటి కతేనప్పా! బసవన్న మొదటి భాగం, నువ్వు రెండో భాగం!”

డేరా అంతా నవ్వింది. శివన్నా నవ్వాడు. నాగక్క మాత్రం ఒలుస్తున్న వేరుశనగ బుడ్డలు కొంగున మూటగట్టి, తెర వైపే చూస్తూ కూర్చుంది.

డేరా పోయింది. పేరు ఉండిపోయింది. “రెండో భాగం, గనికి పోతాండావా?” “రెండో భాగం, రొట్టె తిన్యావా?” ప్రేమగానే అడిగేవాళ్లు. తినలేదంటే పెట్టేవాళ్లు కూడా. చేతిలో రొట్టె పెట్టి ఆ పేరుతో పిలిస్తే మనిషి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

పీర్ల పండగ వచ్చింది. ఆ పొద్దున శివన్న దండెం మీది గుడ్డలు తీసి, మడిచి, మంచం మీద పెట్టాడు. తాళ్లు విప్పి కర్ర చేతికి తీసుకున్నాడు.

“యాడికది?” అంది నాగక్క.

“ఒకసారి తిప్పి వస్తా.”

“నీకు రాదు గదా.”

“ఊరంతా అదే అంటాండాది. నువ్వూ అదే అంటాండావు.”

“నేనెప్పుడన్నా తిప్పమని అడిగినానా?” అని ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. శివన్న ఆమెను మెల్లగా పక్కకు జరిపి వెళ్లిపోయాడు. ఆమె వెనకే నడిచింది.

పీర్ల చావిడి ముందు గుంపు ఆయన్ను చూసి కేకలు పెట్టింది. “రెండో భాగం వచ్చె! జరగండప్పా!” ఎదురు నిలబడిన మారెన్న మెత్తనివాడు. నాలుగు సార్లు ఉత్తుత్తిగా ఆడి పంపేద్దామనుకున్నాడు.

“దయతో పడొద్దు మారెన్నా. నిజంగా కొట్టు” అన్నాడు శివన్న.

మారెన్న కొట్టాడు. కర్ర అడ్డం పెట్టాల్సిన చోట శివన్న చెయ్యి అడ్డం పెట్టాడు. కుడి మణికట్టు విరిగిన చప్పుడు తప్పెట్ల మోతలోనూ వినబడింది.

బండి కట్టింది గోపన్నే. పొరుగూళ్లో ఎముకలకు కట్టు కట్టే వైద్యుడి దాకా, గతుకులకు అదరకుండా ఆ చేతిని మారెన్న ఒడిలో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాడు. జీవమ్మ చెంబుతో గంజి ఇచ్చి పంపింది. దారిలో గోపన్న వెనక్కి తిరిగి, “బసవన్న అయ్యుంటే ఈ దెబ్బ తప్పిచ్చుకుంటాండె” అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు.

ఎముక అతుక్కుంది గానీ ఉలి మీద పట్టు తిరిగి రాలేదు. నాగక్క గనిలో రాళ్లు మోయడానికి పోసాగింది. బసవన్న కర్రను నరికి, కాపడం నీళ్ల కింద మంట పెట్టింది. “అయ్యో, ఆ కర్ర! బసవన్న కర్ర!” అని నొచ్చుకున్నవాళ్లే ఆ పూట జొన్నపిండి తెచ్చి ఇచ్చారు.

ఒక సాయంత్రం ఆమె మణికట్టుకు వేడి గుడ్డ చుడుతుంటే శివన్న అడిగాడు.

“ఏమ్మే, ఆ పొద్దు నేను కర్ర పట్టుకునింది ఎట్లుండె?”

“బాగానే ఉండె.”

“గొడుగు పట్టినట్ల ల్యా?”

నాగక్క నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

“ఆయప్ప మాదిరి ఉండెనా?”

ఊరు పోల్చింది గానీ ఆమె ఏనాడూ పోల్చలేదు. గుడ్డ మళ్లీ నీళ్లలో ముంచి, చాలాసేపు పిండింది.

“ఆయప్ప నాకు గుర్తే ల్యాడు” అంది.

ఈమె కూడా దయతోనే పడుతోందని తెలిసినట్టు శివన్న తల ఊపాడు. చేతిని ఆమె చేతుల్లోంచి మెల్లగా తీసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ ఇంట్లో మళ్లీ దండెం కట్టలేదు. గుడ్డలు దొడ్డి చుట్టూ వేసిన తుమ్మకంప మీద ఆరేస్తారు. ముళ్లకు చినుగుతాయని జీవమ్మ ఒక తాడు తెచ్చి ఇస్తే, నాగక్క వద్దంది.