తగ్గిందని చెప్పిన నొప్పి

ఆ రోజు మంచిర్యాల బస్సు మీది నుంచి టపా సంచి దింపుకుంటుంటే నా నడుములో ఏదో పటుక్కుమంది. సంచి పెద్ద బరువేమీ కాదు, రోజూ దింపేదే. కాస్త వంగి పక్కకు తిరిగి అందుకున్నాను, అంతే. కండక్టరు నవ్వాడు, నేనూ నవ్వాను. సాయంత్రానికి మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. నాలుగో రోజుకు నొప్పి ఎడమ కాలిలోకి దిగింది. పిర్ర నుంచి తొడ వెనకగా, పిక్క పక్కగా, బొటనవేలి దాకా ఒకటే మంట. దగ్గినా తుమ్మినా కాలంతా జివ్వుమనేది. కూర్చుంటే మరీ ఎక్కువ.

నా సంగతి కొంచెం చెప్పాలి. నిజాం కాలంలో నాలుగు ఉర్దూ ముక్కలు చదువుకుని చెన్నూరులో పోస్టుమాన్‌గా కుదిరాను. జబ్బు చేసేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లయింది. చుట్టుపక్కల పల్లెలకు నడిచి ఉత్తరాలు పంచేవాణ్ణి. నాకు జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉండేది. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు మూడుసార్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. తొక్కినందుకు పైసా తీసుకోకూడదు, అడిగితే కాదనకూడదు. అందుకని ఉత్తరం రాని ఇంట్లో కూడా నాకు పని తగిలేది. సంచి అరుగు మీద పెట్టి, చెప్పు విడిచి, బోర్లా పడుకున్న మనిషి నడుము మీద కాలు పెట్టేవాణ్ణి. లేవగానే అందరూ ఒకటే మాట, తగ్గిందని. నిజం చెప్పాలంటే నాకు లోపల బాగా గర్వంగా ఉండేది.

నా నడుము నేను తొక్కుకోలేను కదా. మా ఆవిడ లచ్చవ్వ పదిమందిని అడిగి, గోదావరి ఒడ్డున ఒక పల్లెలో ఎదురుకాళ్లతో పుట్టిన కమ్మరి మల్లయ్య ఉన్నాడని తెలుసుకుంది. బండి కట్టించుకుని పోయాం. పాపం, అతను చేతిలో పని ఆపి వచ్చాడు. గోనెసంచి పరిచి నన్ను పడుకోబెట్టి, నిండు బరువుతో తొక్కాడు. రెండో తొక్కుకే నాకు కళ్లు బైర్లు కమ్మాయి. మూడోది అయ్యాక చెయ్యి పట్టి లేపి, తగ్గిందా అన్నా అని ఆశగా నా మొహంలోకి చూశాడు. తగ్గింది తమ్మీ, హాయిగున్నది అన్నాను. పని మానుకుని వచ్చినవాడు, పైసా ముట్టనివాడు, పైగా చల్ల తెప్పించి ఇచ్చినవాడు. ఏ మొహం పెట్టుకుని తగ్గలేదంటాను?

రెండు రోజుల తరువాత బజారులో నడుస్తుంటే లచ్చవ్వ వెనక నుంచి పిలిచి, చెప్పు ఏదని అడిగింది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. పది అడుగుల వెనక పడి ఉంది. అది జారిపోయిన సంగతే నాకు తెలియలేదు. ఆనాటి నుంచి ఆ పాదం పైకి లేవడం మానేసింది, వేళ్లు నేలను గీసుకుంటూ వచ్చేవి. నొప్పిని ఓర్చుకున్నవాణ్ణి, ఆ పాదాన్ని చూసి భయపడిపోయాను. నడవలేని పోస్టుమాన్‌ను ఎవరు ఉంచుకుంటారు?

చెన్నూరు డాక్టరు గోళీలిచ్చి, ఎక్స్‌రే తీయించాలి, పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. కరీంనగర్‌లో మా బామ్మర్ది ఉన్నాడన్న ధైర్యంతో బయలుదేరాం. మంచిర్యాల దాకా బస్సు, అక్కడి నుంచి పెద్దపల్లికి రైలు, మళ్లీ బస్సు. రైల్లో కూర్చోలేక సీట్ల మధ్య కింద పడుకున్నాను. జనం నన్ను దాటుకుంటూ తిరిగారు. ఎవరో ముసలమ్మ అడగకుండానే తన బట్టల మూట నా తల కింద పెట్టింది.

దవాఖానలో డాక్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, కాలును మోకాలు వంచకుండా పైకెత్తాడు. జానెడు లేచేసరికి అరిచాను. గుండుసూదితో పాదం మీద గుచ్చాడు, కొన్ని చోట్ల తెలిసింది, కొన్ని చోట్ల తెలియలేదు. బొటనవేలు పైకి లేపమన్నాడు. లేపాననే అనుకున్నాను. తల ఎత్తి చూస్తే అది ఉన్నచోటే ఉంది. ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పెట్టి చూపించి, ఓపికగా చెప్పాడు.

"బొక్కకు బొక్కకు నడుమ మెత్త లెక్క డిస్క్ ఉంటది. అది పక్కకు ఉబ్బి నరం మీద పడ్డది. దీన్ని స్లిప్డ్ డిస్క్ అంటరు. కాలు దాక గుంజే నొప్పి సయాటికా. పాదం లేవకపోవుడు ఫుట్ డ్రాప్."

డిస్క్ ఎక్స్‌రేలో కనబడదట, ఎముకల మధ్య జాగా తగ్గడమే తెలుస్తుందట. మూత్రం సరిగా వస్తున్నదా అని రెండుసార్లు అడిగాడు. అది ఆగిపోయినా, కాలి బలం ఇంకా తగ్గినా ఆపరేషన్‌కు వెంటనే హైదరాబాద్ పోవాలన్నాడు. ఎవరైనా తొక్కారా అని కూడా అడిగాడు. తొక్కారని చెప్పాను. కోప్పడలేదు. ఉబ్బిన డిస్క్ మీద బరువు పడితే ఇంకా బయటికి తోసుకొస్తుందన్నాడు. నేనూ తొక్కేవాణ్ణేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చెక్క పలక మీద పలచని పరుపు వేసి, నడుముకు బెల్టు కట్టి, తాడుతో మంచం కాళ్ల వైపు బరువులు వేలాడదీశారు. దాన్ని ట్రాక్షన్ అంటారు. పాదం వాలిపోకుండా చెక్క కట్టారు. అన్నీ మంచం మీదే. లచ్చవ్వ ముద్ద కలిపి నోట్లో పెడుతుంటే సిగ్గుగా ఉండేది. పది రోజులకు నాకు ఇల్లు, టపా సంచి, మా ఊరి గాలి అన్నీ గుర్తొచ్చి పిచ్చెక్కినట్లయింది. మర్నాడు డాక్టరు అడిగితే, తగ్గింది సార్ అన్నాను. బెల్టు విప్పించి, మెల్లగా నడవమన్నాడు. సాయంత్రం వరండాలో నాలుగడుగులు వేసి కుప్పకూలాను. నలుగురు మోసుకొచ్చి మంచం మీద వేశారు. నొప్పి మొదటి రోజుకన్నా ఎక్కువైంది.

డాక్టరు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రాజయ్యా, ఎక్స్‌రేల నొప్పి కనవడదు. నువ్వు చెప్తెనే నాకు తెలుస్తది. నువ్వు అబద్ధం చెప్తె నేనేం జెయ్యాలె?"

మళ్లీ బరువులు కట్టించి ఆయన పోయాక నాకు ఒక ఆలోచన వచ్చింది, ఇక పోలేదు. కమ్మరి మల్లయ్యకు తగ్గిందని చెప్పాను. డాక్టరుకు తగ్గిందని చెప్పాను. మరి ఇన్నేళ్లుగా నా కాలి కింది నుంచి లేచి తగ్గిందన్నవాళ్లు? వాళ్లలో కనకయ్య గుర్తొచ్చాడు. నేను తిరిగే పల్లెల్లో ఒకదానిలో నేతపని చేసే మనిషి, గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. అంతకు ముందు ఎండాకాలంలో అతన్ని తొక్కాను. తగ్గిందని దండం పెట్టాడు. తరువాత ఒకరోజు చూస్తే చెప్పును పాదానికి నూలుతాడుతో కట్టుకుని ఉన్నాడు. చెప్పు పారిపోతదనా ఏంది అని ఎగతాళి చేశాను. అతనూ నవ్వాడు. అది గుర్తొచ్చి పరుపు మీద ఏడ్చాను. విషయం లచ్చవ్వకు చెప్పాను. "ముందు నీ కాలు లేవనియ్యి. లేసినంక పోయి చెప్పు," అంది.

దవాఖానలో చేరిన అయిదో వారంలో ఒక పొద్దున బొటనవేలు గింజంత పైకి లేచింది. లచ్చవ్వను పిలిచి మళ్లీ లేపి చూపించాను. అది నిజమేనా, ఊహా అని ఈసారి నన్ను నేనే అనుమానించి, ఆమెతో చెయ్యి పెట్టించి చూసుకున్నాను. నిజమే. తరువాత మెల్లగా ఎక్సర్‌సైజులు నేర్పారు, నడుముకు బెల్టు ఇచ్చారు. ఇంటికి వచ్చాక కూడా రెండు నెలలు పోస్టాఫీసులో నిలబడి ఉత్తరాలు వేరు చేసే పనే చేశాను. మా పోస్టుమాస్టరు గారి మంచితనం అది.

నడవగలిగిన మొదటి వారమే కర్ర పట్టుకుని కనకయ్య ఇంటికి పోయాను. అతను మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. డాక్టరు చెప్పిందంతా చెప్పి, నా కాలు పడ్డందుకు అతని కాలికి చేటు జరిగి ఉండవచ్చన్నాను. కనకయ్య మగ్గం మీద దారాలు సర్దాడు.

"నువ్వు తొక్కిననాడు తగ్గలే రాజన్నా," అన్నాడు. "అంత దూరం నడిచొచ్చి కాలు పెట్టినవ్. తగ్గలేదంటే నీ మనసు నొస్తదని తగ్గిందన్న."

 అతని ముందు కూర్చుని, నా మనసు నొచ్చినా సరే చెప్పి ఉండాల్సింది అన్నాను. కరీంనగర్ దవాఖానకు పోదాం రమ్మంటే అతను రానన్నాడు, మగ్గం మీద సగం చీర ఉందన్నాడు. ఆ చీర పూర్తయ్యేదాకా ఆగి, నేనే వెంటబెట్టుకుని కరీంనగర్ తీసుకుపోయాను.

అదే డాక్టరు, అదే చెక్క పలక, అవే బరువులు. వారం తరువాత డాక్టరు వచ్చి, ఎట్లుంది, తగ్గిందా అని అడిగాడు. కనకయ్య ఒకసారి నా వైపు చూశాడు. చేతులు జోడించాడు. 

"తగ్గలే సారు," అన్నాడు.

ఇంకా కొన్నాళ్లు ఉంచారు. నొప్పి పోయింది. ఆలస్యమైనందువల్ల పాదానికి పూర్తి బలం రాలేదు. మగ్గం కింద తొక్కే చెక్కలు తనకు అనువుగా మార్చుకుని నేస్తున్నాడు. ఆ లోటుకు నా కాలే కారణమా, ముందు నుంచే ఉన్నదా అని డాక్టరును అడిగాను. ఎవరూ చెప్పలేరన్నాడు. ఆ బాధ నాకు ఉంది, ఉంటుంది.

ఇప్పటికి నాలుగేళ్లయింది. రోజూ నడుస్తున్నాను. బరువు ఎత్తాలంటే వంగను, మోకాళ్లు మడిచి కూర్చుని ఎత్తుతాను. వాన ముసురులో పిక్క కొంచెం గుంజుతుంది. ఇప్పటికీ దారిలో ఎవరో ఒకరు నడుము చూపించి కాలు పెట్టమంటారు. పెట్టను. కోపం చేసుకునేవాళ్లు చేసుకుంటారు. బొటనవేలు లేపి చూపించమంటాను, లేవకపోతే మాత్రం ఆ రోజే దవాఖానకు పొమ్మని వెంటపడతాను.

నా మాటగా మీకు చెప్పేది ఒకటే. మందు ఇచ్చినవాడు డాక్టరు కానీ, నాటు వైద్యుడు కానీ, మీ కోసం పని మానుకుని వచ్చిన మంచి మనిషి కానీ, ఎట్లుందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. తగ్గకపోతే తగ్గలేదనండి.