మిగిలిన ఒక్క సంచి

తేయాకు తోటలో కొమ్మల కత్తిరింపు పని చేసే ఆవిడను అందరూ బూజమ్మ అంటారు. పేరు పెట్టినవాళ్ళ మీద ఆమెకేం కోపం లేదు. బూజు దులిపే ఆడవాళ్ళు ఇంటికొకరు ఉంటారు గానీ, సంచుల్లో పోసి మరీ పెంచేది ఈవిడ ఒక్కతే.

ఇదంతా వాలు మీదున్న పాత తోట కోసం. అక్కడ కొమ్మలు కత్తిరించిన ప్రతిసారీ కోత దగ్గర తెగులు పట్టి, కాండం నల్లబడి కిందికంటా ఎండిపోయేది. మిగిలిన అరవై మొక్కలూ పీకి పారేద్దామన్నాడు మేస్త్రీ. పన్నెండేళ్ళుగా వాటికి తన చేత్తో కత్తి పెట్టిన బూజమ్మకు ప్రాణం ఒప్పలేదు. ఈ ఒక్క ఏడాదీ తనకు వదిలేయమని బతిమాలింది. తోటపనివాళ్ళకిచ్చిన శిక్షణలో నేర్పినట్టే జొన్నలు ఉడికించి, చల్లార్చి, సంచుల్లో కట్టి, మంచి బూజు విత్తనం కలిపింది. పది రోజులకు గింజగింజకూ పచ్చగా పట్టింది. దాన్ని నీళ్ళలో కలిపి పచ్చి కోత మీద పూస్తే, తెగులు కంటే ముందే అక్కడ తిష్ఠ వేసి, తర్వాత వచ్చిన తెగులును తినేస్తుంది.

కత్తిరింపు రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికల్లా అరవై మొక్కలూ కోసి, సంచుల కోసం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో చాప నిండా జొన్నలు తెల్లగా మెరుస్తున్నాయి. అత్తగారు మూడు నీళ్ళు కడిగి ఎండలో పోసింది.

"అన్నీ బూజు పట్టాయి తల్లీ. పాడైపోతాయేమోనని..."

బూజమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా ఆవిడనేమంటుంది? నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఒక్క గింజ పాడవనివ్వని మనిషి.

"ఏమన్నా మిగిలాయా అత్తయ్యా?"

"మంచం కింద ఒక సంచి ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పికి వంగలేకపోయాను."

ఆ ఒక్క సంచీ పట్టుకుని ఇద్దరూ తోటకు వెళ్ళారు. వద్దంటున్నా వినకుండా అత్తగారూ బ్రష్ అందుకుంది. బూజు పై మూడు వరసలకే సరిపోయింది. కింది మూడు వరసలూ దేవుడికి వదిలేశారు.

మూడు నెలలకు మేస్త్రీ చూడటానికి వచ్చాడు. పై వరసల్లో కోత కోతకీ వేలెడేసి చిగుళ్ళు. కింది వరసల్లో సగానికి పైగా కాండాలు నల్లబడ్డాయి. ఆయన మధ్యలో నిలబడి చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

"అన్నీ పచ్చగా ఉంటే వానల పుణ్యం అనేసేవాణ్ణి. పీకొద్దులే. కిందివాటికి నల్లబడినంత మేరా తీసేసి, నీ బూజే పూయి. ఇంతకీ సగం పూసి సగం వదిలేయమని నీకెవరు చెప్పారు?"

"మా అత్తయ్య," అంది బూజమ్మ నవ్వాపుకుంటూ.

ఇంటికి వచ్చి ఆ మాట అత్తగారికి చెప్పింది. మర్నాడు పొద్దున ఆవిడ పచ్చగా బూజు పట్టిన నిమ్మచెక్క పట్టుకుని కోడలి దగ్గరకు వచ్చింది.

"వీళ్ళూ మనవాళ్ళేనా, పారేయనా?"