చేతిలో పెట్టిన పాత బోల్టు

నిన్న మధ్యాహ్నం ఒక స్కూటరు వెనక క్లచ్ మూత విప్పి, మొదటి బోల్టును అరచేతిలో వేసుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. కాలిన బెల్టు వాసన, సామాన్లు కడిగే తట్టలోని డీజిల్ వాసన, బయట ఎండకు మెత్తబడిన తారు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ఆ మూడూ ఒకేసారి తగిలితే గోదావరక్క నా వెనకే నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది. "ఏంది తమ్మీ, గట్ల సూస్తున్నవ్? గది బోల్టు, బంగారం గాదు. మర సూడు, తల సూడు, పక్కకు పెట్టు" అన్న గొంతు వినిపిస్తుంది.

మీరామెను చూడలేదు. నన్ను చూసి ఉంటే నా మాట నమ్మరు. నాందేడ్‌లో నన్నెరిగిన వాళ్లెవరూ నమ్మరు. మాహూర్ ఘాట్ కొండదారిలో ఒక పులి నా స్కూటరుకు దారిచ్చి, వెనక సీటు ఖాళీగా ఉందా అని తొంగి చూసిందని నేనొకసారి చెప్పాను. ఆ కథ బస్‌స్టాండ్ దాకా పోయి, ఇంకెవరికో జరిగినట్టుగా తిరిగి నా దగ్గరికే వచ్చింది. పులి మాత్రం మారలేదు, అందుకు సంతోషించాను. ఇలాంటి మనిషి రాసేదాన్ని ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి. బోల్టుల దగ్గర మాత్రం నమ్మండి. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గోదావరక్క లేత్ మిస్త్రీ కూతురు. భర్త పోయాక స్కూటర్ల గ్యారేజీ అమ్మేస్తుందని బజారంతా అనుకుంది. ఆమె ఇంకో లేత్ మిషను కొంది. చీర మీద భర్త పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, కొంగు నడుముకు దోపి పనిలోకి దిగేది. నన్ను పెట్టుకున్నప్పుడు నాకు పనొచ్చా అని కూడా అడగలేదు. ఎదురుగా టీ బండి దగ్గర నేను చెప్పే కబుర్లు కొన్నాళ్లుగా వింటోందట.

"నీ నోరుంటె గిరాకి లేవకుంట కూసుంటున్నడు. క్లచ్చు ఇప్పినంక పనికి సేపు పడ్తది, గాయింత సేపు నీ కతలు చెప్పు. పని నేను నేర్పుత. గని ఒక్కటి యాదికి పెట్టుకో, బోల్టు మీద కత చెప్పొద్దు."

"బోల్టు మీద కత ఏముంటదక్కా?"

"మార్చకుంటనె మార్చిన్నని చెప్తరు గదా, గదే కత."

అందుకే ఆ గ్యారేజీలో మార్చామని గానీ మార్చలేదని గానీ నోటితో చెప్పే ఆనవాయితీ లేదు. బండిలోంచి బయటికొచ్చిన పాత బోల్టును బండి తెచ్చిన గిరాకీ చేతిలో పెట్టాలి. చేతికి ఎన్నొచ్చాయో అన్నే మారాయి. పెట్టే ముందు, ఎవరూ దాన్ని మళ్లీ వాడకుండా అక్క దాని తల మీద ఉలితో అడ్డంగా ఒక గాటు కూడా వేసేది. దానికొక కారణం ఉంది. దెగ్లూర్ సావుకారి ఒకాయన అలా తీసుకెళ్లిన బోల్టులను కడిగి డబ్బాలో దాచాడు. ఆ తర్వాత అక్కడి మిస్త్రీ క్లచ్ విప్పితే, "ఇవి ఇంకా మెరుస్తున్నయ్, ఎందుకు పారెయ్యాలె" అని సావుకారి వాటినే ఎక్కించుకున్నాడు. దారి మధ్యలో మూత ఊడిపోయి, బండిని ఎడ్లబండి మీద వేసుకొచ్చాడు. అది చూసి అక్క లోపలికి పోయి ఉలి తెచ్చుకుంది, అంతే.

ఒక వేసవిలో ఒక సర్దార్‌జీ వచ్చాడు. ఉత్తరాన కొండల్లో టూరిస్టులను మంచుబండ్ల మీద తిప్పడం ఆయన వ్యాపారం. ముందు రెండు పొడుగాటి పలకలు, కింద రబ్బరు పట్టా, చక్రాలుండని బండి అది. మంచు లేని నెలల్లో గురుద్వారాకు రావడం ఆయనకు అలవాటు. కిందటేడు ఇక్కడి చుట్టాల స్కూటరుకు అక్క చేసిన బుష్, అదే ఇరుసు తిరిగే చిన్న గొట్టం, చూసి ముచ్చటపడ్డాడట. ఈసారి తన మంచుబండి వెనక క్లచ్‌ను పరుపుచుట్టలో చుట్టి రైల్లో తెచ్చాడు. నా బతుకులో నిజంగా జరిగిన వింత ఇదొక్కటే. దీన్నే ఎవరూ నమ్మరు.

అక్క దాన్ని బల్ల మీద పెట్టి అటూ ఇటూ తిప్పింది. "గిది మన స్కూటరు ఎనక క్లచ్చే గదా! మంచిగ తిండి వెట్టి పెంచినట్టున్నరు" అంది.

పని రెండింటిదీ ఒకటే. రెండు పళ్లేల మధ్య బెల్టు నడుస్తుంది, లోపల్నుంచి గట్టి స్ప్రింగు తోస్తుంటుంది. ఆ స్ప్రింగును అదిమిపెట్టే మూతను బోల్టులు పట్టుకుని ఉంటాయి. అవి తెగితే మూత ఎగిరి నడిపేవాడి కాలికి తగలొచ్చు. ఆ బండి నడిపేది సర్దార్‌జీ కొడుకు. వెనక సీట్లో కూర్చునేది ఎవరింటి పిల్లలో.

"బెహన్‌జీ, బుష్‌తో పాటు బోల్టులు కూడా అన్నీ కొత్తవి వేసెయ్యండి. ఇక సీజనంతా విప్పే పని ఉండదు" అన్నాడాయన హిందీలో.

అక్క లేత్ మీద పని చేస్తున్నంతసేపూ ఆయన్ను కూర్చోబెట్టడం నా వంతు. మంచులో బతికేవాడికి మంచు కథే చెప్పాలి కదా. నాందేడ్‌లో ఒకసారి పడిన వడగళ్లకు రోడ్డు తెల్లబడిందనీ, ఇంజను ఆపేసిన నా స్కూటరు దెగ్లూర్ దాకా జారుకుంటూ పోయిందనీ, వెనకొచ్చే సర్కారు ఎస్టీ బస్సు నన్ను దాటలేక హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయిందనీ చెప్పాను. సర్దార్‌జీ నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం రైలుకు పోతూ క్లచ్ తీసుకుంటానని చెప్పి వెళ్లాడు.

మర్నాడు పొద్దున అక్క ఆ పాత బోల్టుల మీద, సడలకుండా వేసి ఎండిన బంకను తీగ బ్రష్‌తో గీకి, ఒక్కొక్కదానికీ నట్టు ఎక్కించి వేళ్లతో తిప్పింది. మంచి బోల్టు మీద నట్టు చివరిదాకా అలవోకగా జారుతుంది. ఒకదాని మీద మాత్రం నట్టు సగంలో పట్టేసింది. అంటే ఆ బోల్టు సాగిందన్నమాట. దాన్ని కొంగున ముడేసుకుని కొత్తవాటికి మచ్చుగా బజారుకు తీసుకుపోయింది. తిరిగొచ్చేసరికి చేతిలో ఒక్క కొత్త బోల్టే ఉంది.

"ఒక్కటేనా అక్కా? ఆయన అన్నీ మార్చుమన్నడు గదా."

"పాతదాని తల మీద గట్టితనం నంబరున్నది సూడు, గా నంబరుది ఒక్కటే దొరికింది. కడమయి కొత్తయే గని మెత్తయి. గా స్ప్రింగుకు ఆగయి. పాతయి గట్టిగున్నయ్, వాటినే ఏస్త. నాలుగు దినాలు నడిపి, ఇప్పి సూసుకోవాలె. ఆడ కంపెనీవి దొరికినంక మార్చాలె. గీ మాట ఆయనకు చెప్పాలె."

బోల్టుల మరలు ఆరేదాకా తుడిచి, కొత్త బంక చుక్క వేసి, బిగువు కొలిచే టార్క్ పానాతో ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించింది. తర్వాత అన్నానికి ఇంటికి పోయింది. అంతలోనే సర్దార్‌జీ వచ్చాడు, ఆటో ఆపి ఉంచాడు. అక్క చెప్పమన్నదంతా పొల్లు పోకుండా చెప్పాను. ఒకటే కొత్తది, మిగిలినవి పాతవే, విప్పి చూసుకోవాలి అని. ఆయన నా మొహం చూసి పకపకా నవ్వాడు.

"అరే భాయ్, కొత్త బోల్టులన్నీ దెగ్లూర్‌కు జారిపోయాయా ఏంటి!" అని నా భుజం చరిచి, క్లచ్ ఎత్తుకుని ఆటో ఎక్కాడు. నేను వెనకాలే పరుగెత్తి మళ్లీ చెప్పాను. ఆటో కదిలేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

అక్క వచ్చి కూర్చుని కొంగు ముడి విప్పింది. సాగిన బోల్టు బల్ల మీద పడింది. దాన్ని చూసి ఆమె మొహం మారింది.

"ఆయన అచ్చి పోయిండా? చెప్పినవా?"

"చెప్పిన అక్కా, రెండుసార్లు చెప్పిన."

"ఏమన్నడు?"

"నవ్విండు."

"నవ్విండా? అంటె ఆయన లెక్కల అన్నీ కొత్తయే."

"నేను అబద్ధం చెప్పలేదక్కా, ఒట్టు!"

"నువ్వు అబద్ధం చెప్పినవని ఎవలన్నర్రా? ఆయన నమ్మలే. నమ్మకపోతె ఇప్పి సూడడు, గదీ ముచ్చట. పాత బోల్టుతోని నాకు భయం లేదు. పాతదని తెల్వకుంట నడిపెటోనితోని భయం." ఉలితో బోల్టు తల మీద గాటు వేసి, సగంలో పట్టేసిన నట్టుతో సహా నా గుప్పిట్లో పెట్టింది. "టేషన్‌కు ఉరుకు. నోరు మాత్రం తెరువకు. నువ్వు నోరు తెరిస్తె మళ్ల నవ్వుతడు. చేతిల పెట్టు."

స్టేషన్‌కు చేరేసరికి రైలు నిలబడే ఉంది. సర్దార్‌జీ బోగీ తలుపు దగ్గర నీళ్ల సీసా పట్టుకుని కనిపించాడు. నన్ను చూడగానే ఇంకో కథ వస్తోందని ముందే నవ్వడం మొదలుపెట్టాడు. నోరు మూసుకుని నిలబడటం నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. ఆయన చెయ్యి పట్టి బోల్టు పెట్టాను. ఆయన గాటును చూశాడు. నట్టును వేళ్లతో తిప్పబోయాడు, కదల్లేదు. నవ్వు ఆగింది.

"మిగతావి?" అన్నాడు.

నా రెండు చేతులూ చాపి చూపించాను. ఖాళీ.

ఆయన నా చేతుల వైపు చూశాడు, సీటు కింది పరుపుచుట్ట వైపు చూశాడు. బోల్టును చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకున్నాడు. "మంచు పడ్డాక నాలుగు రోజులు నడిపి విప్పుతానని బెహన్‌జీకి చెప్పు" అన్నాడు. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం చివరిదాకా నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. నా జన్మలో నేను చెప్పి నమ్మించిన మొదటి నిజం అదే, అదీ నోరు తెరవకుండా.

మరుసటి వేసవికి ఆయన మళ్లీ వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసి, "చెయ్యి పట్టండి బెహన్‌జీ" అన్నాడు. మిగిలిన పాత బోల్టులన్నీ ఆమె అరచేతిలో పెట్టాడు. ప్రతిదాని తల మీదా ఉలి గాటు ఉంది. విప్పిన రోజే కొత్తవి తెప్పించి మార్చేశాడట. కొడుకు కులాసా అన్నాడు. అక్క నట్టు తీసుకుని ఒక్కొక్కదాని మీదా తిప్పి చూసింది. ప్రతిదాని మీదా నట్టు చివరిదాకా జారింది.

"మంచిగనే ఉండె గదా! ఇంకిన్ని దినాలు నడుస్తుండె. ఉత్తగ పాడు చేసిండు" అని సణిగింది. నేను దాన్ని హిందీలో చెబితే సర్దార్‌జీ నవ్వాడు. ఆ రోజు అక్క కూడా నవ్వింది.

అక్క పోయి కొన్నేళ్లయింది. గ్యారేజీ ఇప్పుడు నా చేతుల్లో ఉంది. ఆమె ఉలి వాడుతున్నాను, టార్క్ పానా మాత్రం అరిగిపోయి మార్చాను. ఆ మంచుబండి బోల్టులు లేత్ పక్కన ఉన్నాయి. నమ్మనివాళ్లు వచ్చి పట్టుకు చూడొచ్చు.

నిన్నటి స్కూటరు కిన్వట్ వైపు పల్లెలో పనిచేసే ఒక నర్సమ్మది. క్లచ్ బిగిస్తున్నంతసేపూ ఆమెకు మాహూర్ పులి కథ చెప్పాను. పులి వెనక సీటు వైపు తొంగి చూసిన చోటికి వచ్చేసరికి పని అయిపోయింది.

"బోల్టులు మార్చినవా కాకా?" అని అడిగింది.

కథ అక్కడే ఆపి, చెయ్యి పట్టమని సైగ చేసి, గాటు వేసిన బోల్టు ఒకటి పెట్టాను.

"ఒక్కటేనా? ఇంకోటి?"

ఖాళీ చెయ్యి చూపించాను. ఆమె ఆ చేతి వంక, బండి వంక చూసింది. "అంటె ఇంకోటి పాతదే ఉన్నదన్నట్టు. ఎన్నడు మళ్ల తీస్కరావాలె?" అంది. గోడ మీది క్యాలెండర్‌లో వచ్చే వారం మీద వేలు పెట్టాను. ఆమె తలూపి, బోల్టు పర్సులో వేసుకుని, బండి స్టార్ట్ చేసి మళ్లీ ఆపింది.

"గింతకు ఆ పులి ఎక్కిందా కాకా, ఎక్కలేదా?"

అప్పుడు నోరు తెరిచాను.