పద్నాలుగో షరతు భీమశంకరరావు

భీమశంకరరావు గారికి ఉన్నది ఒకటే జబ్బు. కాంట్రాక్టు కాగితంలో లేని పని ఆయన చెయ్యడు, ఇంకొకరిని చెయ్యనివ్వడు. అందులోనూ పద్నాలుగో షరతంటే ఆయనకు ప్రాణం. ఓవర్‌టైము గురించీ, ఆదివారాల పని గురించీ చెప్పే షరతు అది. సాయంత్రం ఐదు కొట్టాక గానీ, ఆదివారం పూట గానీ, ముందుగా కాగితం మీద అడక్కుండా సైటులో ఇటుక మీద ఇటుక పెట్టడానికి వీల్లేదని ఆయన వాదన. ఇటుక సంగతి అలా ఉంచండి, ఐదు దాటితే ఆయన నోట్లోంచి పనికి సంబంధించిన మాట కూడా ఊడిపడదు.

ఈ సంగతి నీలకంఠానికి ఎవరూ ముందు చెప్పలేదు. పాలిటెక్నిక్ పాసై రెండేళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుని, చివరికి ఎనభై రెండులో విశాఖపట్నం పోర్టు పక్కన ఇనుప ఖనిజం మోసే కన్వేయరు కడుతున్న ఒక కంపెనీలో సైటు ఇంజనీరుగా చేరాడు. ఆరు నెలలు పని చూసి అప్పుడు ఖాయం చేస్తామన్నారు. చేరిన రోజున ఐదూ రెండు నిమిషాలకు టైమాఫీసు కిటికీ దగ్గరికెళ్లి, మంచినీళ్ల కుండ ఎక్కడుందండీ అని అడిగాడు. కిటికీ వెనకాల కూర్చున్న బట్టతల మనిషి, అంటే మన టైమ్‌కీపరు భీమశంకరరావు గారు, గోడగడియారం వంక చూశాడు, నీలకంఠం వంక చూశాడు, కిటికీ తలుపు మూసేశాడు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి అదే మనిషి వెతుక్కుంటూ వచ్చి, "స్టోరు వెనకాల, రేకుల కింద" అని చెప్పి వెళ్లిపోయాడు. అది నిన్న అడిగిన కుండ సంగతని బోధపడడానికి నీలకంఠానికి పావుగంట పట్టింది.

ఆ ఆదివారం ఆయన పూర్ణా మార్కెట్లో భార్య వరహాలమ్మ గారితో కలిసి వంకాయలు ఏరుతూ కనిపించాడు. నీలకంఠం దండం పెట్టి, మర్యాదకి ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, నిన్న సిమెంటు లారీ వచ్చిందాండీ అన్నాడు. భీమశంకరరావు గారు చేతిలో వంకాయ కింద పెట్టి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఫారం తీసి, ఇది ఆదివారం ప్రశ్న, దీని మీద రాసివ్వండి, రేపు సమాధానం చెబుతాను అన్నాడు. వంకాయలమ్మే మనిషి తూచడం ఆపేసింది.

"ఏటీ అనుకోకండి బాబూ, ఇంట్లోనూ ఇదే వరస" అంది వరహాలమ్మ గారు. ఆదివారం రెండో కాఫీ కావాలంటే ఆయన ముందు ఆవిడ సమ్మతి అడుగుతాడట. ఆవిడ సరేనని కాఫీ ఇస్తే, దానికి బదులు మంగళవారం ఆవిడకి సెలవు, వంట ఆయనది. బాగా వండుతారాండీ అని అడిగాడు నీలకంఠం. ఉప్పు వెయ్యరు, ఉప్పు మాట కాగితంలో లేదట అని చెప్పి ఆవిడ వంకాయలకి బేరం మొదలుపెట్టింది.

కాగితమంటే మామూలు కాగితం కాదు. నూట ఎనభై పేజీల ఇంగ్లీషు టైపు, బైండు చేసి, ఆయిల్‌క్లాత్ అట్ట వేసిన పుస్తకం. సైటు మొత్తానికి అదొక్కటే ప్రతి. భీమశంకరరావు గారు దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు. ఇస్తే పేజీలు ఊడిపోతాయట. ఏదైనా తగాదా వస్తే తనే తెరిచి, వరస మీద వేలు పెట్టి, గంట కొట్టినట్టు చదివి వినిపిస్తాడు. మేనేజరు రమణమూర్తి గారికి చదవడమంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. పేజీ ఎంత అని మాత్రం అడుగుతాడు. నూట పన్నెండు అంటే, అయితే సరే అని సంతకం పెడతాడు. తొమ్మిదేళ్లుగా కంపెనీ అలాగే నడుస్తోంది.

పద్నాలుగో షరతులో (గ) అనే ముక్కతో అందరికంటే ఎక్కువ అవస్థ పడేది మేస్త్రీ వీరన్న. తట్టలు మోసే ముప్పైమంది ఆడవాళ్లని సబ్‌కాంట్రాక్టు మీద తెచ్చింది అతనే. భీమశంకరరావు గారు చదివే ప్రకారం, ఆదివారం పని కావాలంటే నలభై ఎనిమిది గంటల ముందు ఒక్కొక్క మనిషినీ అడిగి, ఎవరి వేలిముద్ర వాళ్లచేత వేయించాలి. వచ్చినవాళ్లకి రెట్టింపు కూలి, ఆ వారంలోనే వాళ్లు కోరుకున్న రోజు సెలవు. ముప్పైమందిని అడుగుతూ కూర్చునే ఓపిక వీరన్నకి లేదు. ఒకసారి తన బొటనవేలితోనే ముప్పై ముద్రలూ గుద్దేశాడు. దొరికిపోయాడు. ఇంకోసారి పదివేళ్లూ మార్చి మార్చి గుద్దాడు. అదీ దొరికింది. మూడోసారి ఫారం వచ్చినప్పుడు నీలకంఠం అక్కడే ఉన్నాడు. భీమశంకరరావు గారు భూతద్దం పెట్టి ఒక్కొక్క ముద్రే చూసుకుంటూ వచ్చి, పదకొండో దాని దగ్గర ఆగాడు.

"వీరన్నా, ఇక్కణ్ణించి కాళ్లు కడుక్కునే వేశావా?"

వీరన్న తల వంచుకుని తన పాదాల వంక చూసుకున్నాడు. కాలివేళ్లకి ఇంకా నీలం సిరా ఉంది. నీలకంఠానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీరన్న మాత్రం బెదరలేదు.

"మరేటి సెయ్యమంటారు బాబూ? ముప్పైమందిని ఎక్కడని ఎతకను? అడిగితే కొందరు రామంతారు. అడక్కపోతే అందరూ వత్తారు."

భీమశంకరరావు గారు ఆ ఫారం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, ఇంకో ఫారం చేతికిచ్చాడు.

ఇలా నడుస్తుండగా ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి రమణమూర్తి గారు నీలకంఠాన్ని పిలిచాడు. సోమవారం పోర్టు వాళ్లు తనిఖీకి వస్తున్నారు. ఆ వేళకి మోటారు కూర్చోబెట్టే కాంక్రీటు దిమ్మ తయారై ఉండాలి. అది మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, శనివారం ఒంటిపూటలో అయ్యేది కాదు, అందుకని ఆదివారం మొదలుపెట్టి ఒక్క ఊపులో పోసెయ్యాలి. పోస్తే ఖాయం కాగితం మీద సంతకం పెడతాను, లేకపోతే సోమవారం ఇంటికి టికెట్టు కొనుక్కో అన్నాడు.

నీలకంఠం పరుగున టైమాఫీసుకి వెళ్లాడు. భీమశంకరరావు గారు గడియారం చూసి, ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి పనంటే ఇవాళ పొద్దున్న ఎనిమిదికే ఫారం రావాలి, ఏడు గంటలు ఆలస్యమైంది అన్నాడు. నీలకంఠానికి రెండేళ్ల ఖాళీ, ఇంటిదగ్గర అన్నయ్య రోజూ అడిగే ప్రశ్న, అన్నీ కళ్లముందు కదిలాయి. ఉద్యోగం పోతుందండీ అన్నాడు, సిగ్గు విడిచి. పెద్దాయన పుస్తకం తెరిచి, వేలు పెట్టి, కాసేపు చూసి, అత్యవసరమైతే ఒక దారి ఉందన్నాడు. పని అడిగే ఇంజనీరే స్వయంగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడగాలట.

నీలకంఠానికి ప్రాణం లేచొచ్చింది. అందరూ ఇక్కడే ఉన్నారు కదా, ఇప్పుడే అడిగేస్తాను అని లేచాడు.

"ఇక్కడ కాదండీ. ఇక్కడ మీరు ఇంజనీరు. వద్దని ఎవరంటారు? ఇంటికెళ్లి అడగాలి" అన్నాడు భీమశంకరరావు గారు.

శనివారం ఒంటిపూట. ఒంటిగంటకి రెండు సైకిళ్ల మీద బయల్దేరారు. మల్కాపురంలో ఒక సందు, గోపాలపట్నంలో నాలుగు సందులు, సముద్రం ఒడ్డున మత్స్యకారుల పేట. ప్రతి గుమ్మంలోనూ భీమశంకరరావు గారికి పీట వేశారు. ఎవరి పిల్లాడికి జ్వరం తగ్గిందో, ఎవరి కప్పు కురుస్తోందో ఆయనకి తెలుసు. తొమ్మిదేళ్లుగా ప్రతి ఫారానికీ, ముద్రలు వాళ్లవేనా అని ఈయన ఇలా సైకిలు తొక్కుతూ ఇల్లిల్లూ తిరుగుతున్నాడన్నమాట. ఆ నలభై ఎనిమిది గంటలూ ఆఫీసులో కాగితం నడవడానికని ఇన్నాళ్లూ అనుకున్నాడు నీలకంఠం. నడిచేది ఈ ముసలాయన. నాలుగు నెలలుగా తను తట్టల లెక్క చూశాడు గానీ, తట్ట కింద ఉన్న మొహాలు సరిగా చూసింది ఆ రోజే. అందుకు అతనికి సిగ్గేసింది.

అడుగుతూ పోతుంటే చాలామంది సరేనన్నారు. పేటలో నూకాలు మాత్రం వలకి పడ్డ పీచు తీస్తూ తల అడ్డంగా ఊపింది.

"నాను రాను బాబూ. మా ఆయన తెచ్చిన సేపలు అమ్ముడయ్యేది ఆదివారం నాడే కదేటి."

గోపాలపట్నంలో పోతమ్మ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆవిడా రానంది. ఎందుకు రావు అని నీలకంఠం కొంచెం గట్టిగానే అడిగాడు.

"ఆరు రోజులు మోసీసినాను. ఆదివారం తొంగుంటాను."

భీమశంకరరావు గారు కారణం అనే గడిలో 'నిద్ర' అని రాశాడు. అదీ ఒక కారణమేనా అని నీలకంఠం మండిపడ్డాడు. అడిగాం, చెప్పింది అన్నాడు ఆయన, కలం మూత పెడుతూ.

ఇరవై ఏడుగురు సరేనన్నారు, ఇద్దరు కాదన్నారు. మిగిలిన పైడితల్లి తగరపువలసలో చెల్లెలింటికి వెళ్లిందని తెలిసింది. ఒక్క మనిషి కోసం అంత దూరమా అంటే, ముప్పయ్యో గడి ఖాళీగా ఉంది కదా అన్నాడు ఆయన. బస్సులో నిలబడి వెళ్లారు. ఇంత దూరం వచ్చి అడిగితే కాదనదులే అని నీలకంఠం ధైర్యం. పైడితల్లి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, చెల్లెలు పురిటి మంచం మీద ఉందనీ, రేపు తల్లికీ పిల్లకీ నీళ్లు పోసేది తనేననీ, రాలేననీ చెప్పింది. నీలకంఠం మజ్జిగ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు. భీమశంకరరావు గారు మాత్రం మజ్జిగ పూర్తిగా తాగి, ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగి మరీ లేచాడు.

మిక్సరు నుంచి దిమ్మ దాకా చేతుల మీదుగా తట్టలు అందించడానికి సరిగ్గా ముప్పైమంది కావాలి. ముగ్గురు తక్కువ. తిరుగు బస్సులో నీలకంఠం కిటికీలోంచి చూస్తూ ఇంటికి వెళ్లే రైలు ఎన్నింటికో ఆలోచిస్తున్నాడు. పక్కన కూర్చున్న ఆయన ఫారం మోకాలి మీద పెట్టుకుని మూడు పేర్లు రాశాడు. మొదటిది వీరన్నది, అతని ఇల్లు దారిలోనే కనక దిగి అడుగుదామన్నాడు. రెండోది నీలకంఠానిది. మీకు సమ్మతమేనా అని అడిగితే ఇతను తల ఊపాడు. మూడోది తనదే.

"భీమశంకరరావు గారూ, రేపు ఆదివారం పనికి మీకు సమ్మతమేనా?" అని తనని తానే పైకి అడిగాడు. జవాబు చెప్పడానికి కొమ్మాది నుంచి మద్దిలపాలెం దాకా ఆలోచించాడు. చివరికి సరే, గురువారం సెలవు కావాలి అని చెప్పుకుని సంతకం పెట్టాడు. కండక్టరు ఆయన్ని దిగేదాకా వింతగా చూస్తూనే ఉన్నాడు.

ఆదివారం వీరన్నతో పాటు ఆయన కూడా పంచె ఎగ్గట్టి వరసలో నిలబడితే ఆడవాళ్లు నవ్వలేక చచ్చారు. పదో తట్టకి ఆయనకి నడుం పట్టేసింది. పక్కామె, సేతులతో కాదు బాబూ, మోకాళ్లు వంచి అందుకోండి అని నేర్పింది. అడిగి తెచ్చిన మనుషులు కావడం వల్లనో ఏమో, పని ముందెప్పుడూ చూడనంత జోరుగా సాగింది. నాలుగున్నరకల్లా దిమ్మ పూర్తయింది.

సోమవారం పోర్టు వాళ్లు చూసి బాగుందన్నారు. రమణమూర్తి గారు ఖాయం కాగితం తీసుకుని, నీలకంఠాన్ని వెంటబెట్టుకుని టైమాఫీసుకే వచ్చాడు. సంతకం పెట్టబోతూ, బల్ల మీద ఉన్న ఫారంలో మూడు పేర్ల ఎదురుగా కాదు అని ఉండడం చూశాడు. నిద్ర అన్న మాట దగ్గర ఆయన మొహం ఎర్రబడింది. ఈ ముగ్గుర్నీ రేపట్నుంచి సైటులో అడుగు పెట్టనివ్వొద్దని వీరన్నకి కబురు పెట్టమన్నాడు.

పద్నాలుగు (గ) ఒప్పుకోదండీ అన్నాడు భీమశంకరరావు గారు, పుస్తకం తెరుస్తూ.

"ఎప్పుడూ మీరే చదువుతారేటండీ? ఇవాళ ఇంజనీరు చదువుతాడు. ఇలా ఇవ్వండి" అన్నాడు రమణమూర్తి గారు.

భీమశంకరరావు గారి చెయ్యి పుస్తకం మీద ఒక్క క్షణం ఎక్కువే ఆగింది. తర్వాత ఇచ్చేశాడు.

నీలకంఠం నూట పన్నెండో పేజీ తీశాడు. పద్నాలుగు (క): కంపెనీ ఉద్యోగులకి ఓవర్‌టైముకి రెట్టింపు జీతం, ఆదివారం పనికి బదులు సెలవు. పద్నాలుగు (ఖ): సబ్‌కాంట్రాక్టు కూలీలకి పై సౌకర్యాలేవీ ఉండవు, ఏ రోజైనా ఏ వేళైనా ఇంజనీరు చెప్పినంతసేపు పనిచెయ్యాలి. దాని కింద పదిహేనో షరతు, ఇసక జల్లెడ గురించి.

(గ) లేదు. పేజీ తిప్పి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. ఎక్కడా లేదు. నలభై ఎనిమిది గంటలు లేవు, సమ్మతి లేదు, వేలిముద్ర లేదు. కాగితంలో లేని మాట మాట్లాడని మనిషి, లేని షరతుని తొమ్మిదేళ్లుగా వేలు పెట్టి చదువుతున్నాడు. తలెత్తి చూశాడు. భీమశంకరరావు గారు ముందే చెక్కి ఉన్న పెన్సిలుని బ్లేడుతో మళ్లీ చెక్కుతున్నాడు. బల్ల మీద ఖాయం కాగితం, దాని పక్కన మేనేజరు గారి కలం. నీలకంఠానికి పోతమ్మ గుమ్మం గుర్తొచ్చింది.

వరస మీద వేలు పెట్టి, ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాడు. సబ్‌కాంట్రాక్టు కూలీలలో ప్రతి ఒక్కరి సమ్మతీ తీసుకోవాలని చదివాడు. నలభై ఎనిమిది గంటలు చదివాడు, ఇంటికెళ్లి అడగడం చదివాడు. ఊపిరి తీసుకుని, సమ్మతించలేదన్న కారణం చేత ఎవరినీ పనిలోంచి తీసివేయరాదు, కారణం నిద్ర అయినా సరే అని ముగించాడు.

"పేజీ ఎంత?" అన్నాడు రమణమూర్తి గారు.

నూట పన్నెండు అన్నాడు నీలకంఠం. అయితే సరే అని ఆయన ఖాయం కాగితం మీద సంతకం గీకి, విసుగ్గా వెళ్లిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. భీమశంకరరావు గారు పుస్తకం వెనక్కి తీసుకుని, అట్ట తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, తెల్లకాగితం ఒకటి ముందు పెట్టుకుని, కొత్తగా చెక్కిన పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

"బాబూ, ఆ ఆఖరి వాక్యం నా దగ్గర లేదు. ఒక్కసారి మెల్లగా చెప్పండి, రాసుకుంటాను."